కెమెరా కట్టుకుని సైకిల్ తొక్కే ఓరుగల్లు మిత్రులకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కాజీపేట సైకిల్ మిత్రులందరికీ నమస్కారం.

తెల్లవారుజామున వడ్డేపల్లి చెరువు కట్ట మీద, భద్రకాళి బండ్ దగ్గర, ఖిలా వరంగల్ దారుల్లో మీలో చాలామంది నాకు ఎదురవుతుంటారు. కొందరికి హెల్మెట్ మీద కెమెరా, కొందరికి ఛాతీకి పట్టీతో కట్టిన కెమెరా, ఎక్కువమందికి హ్యాండిల్‌కు బిగించిన ఫోను. మీరు పెట్టే వీడియోలూ చూస్తాను. పెళ్లి వీడియోలు తీసి, ఎడిట్ చేసి బతికేవాణ్ణి కాబట్టి చూడకుండా ఉండలేను. సైకిల్ మీద మీకున్న ప్రేమ నాకూ ఉంది. రోడ్డు మీద మీకున్న భయమూ ఉంది. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. చెప్పదలచుకున్నది ఒక్కటే. రోడ్డు మీద జరిగే తప్పు ఒకటి మీ వీడియోలో పడితే, దాన్ని సరిదిద్దగలిగిన వారి దగ్గరికి ముందు అది చేరాలి. జనం ముందుకు ఆ తర్వాతే రావాలి, అదీ మనుషుల ముఖాలు లేకుండా.

యాసంగి కోతలప్పుడు ఒక వీడియో నా ఫోనుకు వచ్చింది. పరకాల వైపు వెళ్లే రోడ్డు. సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి, అంచున వరుసగా రాళ్లు. ఒక పెద్దావిడ కొంగు నడుముకు చుట్టుకుని, ఎండలో కాళ్లతో చాళ్లు తీస్తూ వడ్లు తిరగేస్తోంది. సైకిల్ మీద వెళ్తున్న వ్యక్తి దిగలేదు. చుట్టూ ఒక చక్కర్ కొట్టి, ఆమె ముఖానికి కెమెరా దగ్గరగా పెట్టి, రోడ్డు మీ సొంతమా అని గదమాయించాడు. ఆమె తల ఎత్తింది. అతని చేతిలో ఉన్నది ఏమిటో అర్థం కాక రెండు క్షణాలు చూసింది. తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకుంది. వీడియో అక్కడితో ఆగింది. కింద వందల మంది నవ్వుతున్న బొమ్మలు పెట్టారు, రైతులందరినీ కలిపి తిట్టినవారూ ఉన్నారు.

రోడ్డు మీద వడ్లు ప్రమాదం కాదని నేను అనడం లేదు. సన్నటి టైరు వడ్ల మీదికి ఎక్కితే ముందు చక్రం పక్కకు జారుతుంది, పడేవరకూ పడుతున్నామని తెలియదు. రాత్రయితే మరీ ఘోరం. వడ్లను కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. అక్కడ దీపం ఉండదు. నల్లటి రోడ్డు మీద నల్లటి కుప్ప కనిపించేసరికి దూరం మిగలదు. ఇలాంటి కుప్పలకు గుద్దుకుని మన జిల్లాల్లో బైకుల మీద వెళ్లేవాళ్లు చనిపోయారు. కాబట్టి ఆ రోడ్డును వీడియో తీయడం సరైన పనే.

కానీ ఆ వీడియోలో ఏముండాలి? హార్వెస్టర్ కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. సొంత కల్లం లేని రైతు ఆ తేమ తగ్గించుకోవాలంటే, ఎండకు బాగా కాగే నున్నటి నేల ఊరి దగ్గర ఇంకెక్కడ ఉంది? తారు రోడ్డే. ఆ పెద్దావిడ అక్కడ నిలబడటానికి కారణం తేమ కొలిచే మిషను, కల్లం లేకపోవడం, వాన వస్తుందేమోనన్న భయం. వీటిలో ఒక్కటీ వీడియోలో లేదు. ఆమె ముఖం మాత్రం ఉంది. అదే మనిషి దిగి, ఆమెను వదిలేసి, రాళ్ల వరుసను, ఆ పక్కన కనిపించే కిలోమీటరు రాయిని, చీకటి పడ్డాక అదే చోట నల్ల టార్పాలిన్‌ను తీసి ఉంటే అది మండల అధికారి ముందు పెట్టడానికి పనికొచ్చే వీడియో అయ్యేది. రాత్రిపూట రాళ్లు తీసేయించడానికి, కుప్పల దగ్గర మెరిసే పట్టీలు కట్టించడానికి, ఆ ఊరికి కల్లం అడగడానికి ఆధారం అయ్యేది. ఇప్పుడు ఆమెకు అవమానం మిగిలింది, రోడ్డు మీద రాళ్లు రాళ్లలాగే ఉన్నాయి.

పట్టణంలో మనల్ని బాధపెట్టేవి వేరు. కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా మీదుగా వరంగల్ స్టేషన్ వరకు ఉన్న ప్రధాన రోడ్డు మీద సైకిల్ తొక్కేవారికి ఆటో ఎప్పుడు ఎడమకు కోస్తుందో, బస్సు ఎప్పుడు స్టాపు వైపు ఒరుగుతుందో తెలియదు. ములుగు రోడ్డు మీద గోదావరి ఇసుక లారీలు, భూపాలపల్లి వైపు బొగ్గు టిప్పర్లు మోచేతిని తాకుతున్నట్టు దాటిపోతాయి. లారీ పక్కనుంచి వెళ్లినప్పుడు ముందు గాలి నెడుతుంది, తర్వాత లోపలికి లాగుతుంది. ఆ లాగడం తెలిసినవారికే ఆ భయం తెలుసు. బ్రిటన్‌లో 2022 జనవరిలో సవరించిన రహదారి నియమావళి, గంటకు 30 మైళ్ల వేగం వరకు సైకిల్‌ను దాటే వాహనం కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలని చెప్పింది. చేతులు రెండు పక్కలా బార చాపితే ఒక మనిషికి వచ్చే కొలత దాదాపు అంతే. మన రోడ్ల మీద అందులో సగం దొరికిన రోజు కూడా అరుదు. కోపం రావడంలో తప్పు లేదు, కెమెరా పెట్టుకోవడంలోనూ లేదు.

అయితే ఆ కోపంతో మీరు పెడుతున్న వీడియో మీ వాదనను బలహీనం చేస్తోందని, ఈ పనిలో ఉన్నవాడిగా చెప్పాల్సిన బాధ్యత నాకుంది. ఈ కెమెరాలన్నిటికీ వెడల్పు లెన్సు ఉంటుంది. అది దగ్గరి వస్తువును దూరంగా చూపిస్తుంది. మీ హ్యాండిల్‌కు జానెడు దూరంలో పోయిన ఆటో తెర మీద ఎంతో ఎడంగా పోయినట్టు కనిపిస్తుంది. చూసినవాడు ఇంత దూరం ఉందిగా, దీనికే గోలా అంటాడు. అతణ్ణి తప్పుపట్టలేం, తెర అతనికి చూపించింది అదే. సెట్టింగుల్లో లీనియర్ అనే ఎంపిక ఉంటుంది, అది పెట్టుకోండి. హ్యాండిల్ కుడి కొస తెరలో కనిపించేలా కెమెరా బిగించండి. అప్పుడు దూరానికి ఒక కొలబద్ద దొరుకుతుంది.

గుంతల విషయం దీనికి తోడు. కెమెరాలో కుదుపు తగ్గించే ఏర్పాటు ఒకటి ఉంటుంది. చూడటానికి హాయిగా ఉంటుందని అందరూ దాన్ని వేసే ఉంచుతారు. అది మీ నడుము విరిచిన గుంతను కూడా నున్నగా చేసి చూపిస్తుంది. గుంత చూపించాలంటే ఆ ఏర్పాటు తీసేయండి. ఇంకా మంచిది, దిగండి. సైకిల్‌ను గుంత అంచున నిలబెట్టి, చక్రం మొత్తం తెరలో పడేలా పది సెకన్లు కదలకుండా తీయండి. రిమ్ములో ఎంత భాగం గుంతలోకి దిగిందో చూస్తే ఇంజినీరుకు లోతు అర్థమవుతుంది. తర్వాత కెమెరా మెల్లగా పైకెత్తి, దగ్గరున్న దుకాణం బోర్డునో కరెంటు స్తంభం మీది నంబరునో చూపించండి. పాట పెట్టి, ముక్కలు ముక్కలుగా కత్తిరించిన అర నిమిషం వీడియో చూసి ఏ అధికారీ ఆ గుంత దగ్గరికి రాలేడు.

సాక్ష్యం అన్న మాట చాలామంది తేలికగా వాడుతున్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఎలక్ట్రానిక్ రికార్డుల సంగతి 63వ సెక్షన్‌లో ఉంది. పాత చట్టంలో ఇది 65బి. వీడియోను కోర్టులో చూపాలంటే దానితో ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రం తప్పనిసరి అని పాత చట్టం కిందే 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కొత్త చట్టం జతచేసిన నమూనాలో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఆ ఫైలుకు వేలిముద్ర. వీడియోలో ఒక్క ఫ్రేము కత్తిరించినా, ఒక అక్షరం అతికించినా అది మారిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే ఫైలు నలిగి చిన్నదవుతుంది, తీసిన తేదీ సమయం వంటి వివరాలు పోతాయి, నంబరు ప్లేటు మసకబారుతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి. కార్డులోని అసలు ఫైలును మాత్రం ముట్టుకోకండి. కొన్ని కెమెరాలు కార్డు నిండగానే పాతవాటి మీద కొత్తవి రాసేస్తాయి, అందుకని ఇంటికి చేరగానే కార్డు బయటికి తీసేయాలి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే కొన్ని కెమెరాల్లో గడియారం తిరిగి మొదటికి పోతుంది. నా దగ్గరికి వచ్చే కార్డుల్లో ఏళ్ల కిందటి తేదీలు పడి ఉంటాయి, తీసింది మాత్రం నిన్న. ఆ తేదీతో మీరు ఏం రుజువు చేయగలరు?

బ్రిటన్‌లో ఉత్తర వేల్స్ పోలీసులు 2016లో ఆపరేషన్ స్నాప్ అని ఒక పద్ధతి మొదలుపెట్టారు. సైకిల్ మీద వెళ్లేవారు, కార్లలో కెమెరా ఉన్నవారు తాము చూసిన ప్రమాదకర డ్రైవింగ్ వీడియోను నేరుగా పోలీసులకు పంపవచ్చు. తర్వాత వేల్స్ అంతటా, ఇంగ్లండ్‌లో చాలాచోట్ల అది పాకింది. అక్కడ అడిగే షరతులు గమనించండి. వీడియో కత్తిరించకూడదు, ఘటనకు ముందూ వెనుకా జరిగింది కూడా ఉండాలి. అవసరమైతే కోర్టుకు వచ్చి చెప్పడానికి సిద్ధపడాలి. కేసు ముగిసేవరకు ఆ వీడియోను సోషల్ మీడియాలో పెట్టకూడదు. ముందూ వెనుకా ఎందుకంటే, మీరు ఏం చేశారో కూడా తెలియాలి కాబట్టి. ఎర్ర లైటు దాటి వచ్చి ఆటోవాలాను తిట్టే వీడియోలు మన దగ్గర ఎన్ని తిరగడం లేదు? మొదటి పది సెకన్లు కత్తిరించేస్తే ఎవరైనా మంచివారే.

మన దేశంలోనూ దారులు లేకపోలేదు. బెంగళూరులో 2015లో పబ్లిక్ ఐ అనే ఫిర్యాదుల యాప్ వచ్చింది. ఢిల్లీ ట్రాఫిక్ పోలీసులకు ట్రాఫిక్ ప్రహరి అనే యాప్ ఉంది. హైదరాబాద్ పోలీసుల హాక్ ఐ యాప్‌లో ట్రాఫిక్ ఉల్లంఘనల మీద ఫిర్యాదు చేసే వీలు పెట్టారు. ఢిల్లీలో ఎక్కువ ఫిర్యాదులు పంపినవారికి నెలనెలా నగదు బహుమతులిచ్చే పద్ధతి కూడా తెచ్చారు. అది నాకు నచ్చలేదు. డబ్బు వస్తుందంటే కెమెరా వేటకు బయలుదేరుతుంది. మన మూడు నగరాలకు అలాంటి పోటీ వద్దు. రాతపూర్వకంగా ఒక ఫిర్యాదు, దానితో పెన్‌డ్రైవ్‌లో కత్తిరించని వీడియో, చోటు, సమయం, మీ పేరు. ఇంత చాలు. ప్రతి సోమవారం కలెక్టరేట్లలో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి జరుగుతుంది, అక్కడ ఇచ్చిన కాగితానికి నంబరు పడుతుంది. నంబరు పడిన కాగితం గురించి మళ్లీ వెళ్లి అడగవచ్చు. ఫీడ్‌లో పెట్టిన వీడియో గురించి ఎవరిని అడుగుతారు?

నంబరు ప్లేట్లు అందరికీ కనిపించేలా పెట్టేవారికి ఇంకో మాట. మన ఆటోల్లో చాలావాటిని యజమాని నడపడు, రోజు కిరాయికి ఇస్తాడు. బండి చేతులు మారినా కాగితాల మీద పాత పేరే ఉండిపోయినవి ఉంటాయి. మీరు పెట్టిన నంబరు పట్టుకుని ఎవరో పేరు బయటికి లాగుతారు, ఇంకెవరో ఇంటికి ఫోను చేస్తారు. ఆ తిట్లు తిన్నవాడు ఆ రోజు హనుమకొండలోనే ఉండకపోవచ్చు. పోలీసులకైతే ఆ సమయంలో బండి ఎవరి చేతిలో ఉందో అడిగే అధికారం ఉంది. మనకు లేదు, ఉండకూడదు కూడా.

తిట్లు ఒకవైపే పోవు. లండన్‌లో సైకిల్ తొక్కుతూ ఏళ్ల తరబడి ఇలాంటి వీడియోలు పెట్టిన బీబీసీ ప్రసారకర్త జెరమీ వైన్, తనను తిట్టిపోసేవారి బాధ భరించలేక ఇక పెట్టనని 2025లో ప్రకటించారు. అంత పేరున్న మనిషికే ఆ గతి పట్టినప్పుడు, మన డిగ్రీ కాలేజీ పిల్లల సంగతి ఏమిటి?

ఇప్పుడు ఖిలా వరంగల్ గురించి. మీలో ఎక్కువమందికి ఇష్టమైన వీడియో అదే, నాకు తెలుసు. మట్టికోట దాటి, రాతికోట దర్వాజాలో వంకర తిరిగి లోపలికి వస్తే కాకతీయుల తోరణాలు ఒక్కసారిగా కనిపిస్తాయని అందరూ అనుకుంటారు. కాని వాటికంటే ముందు ఇళ్లు వస్తాయి. కోటలో ఊరుంది. తలుపులు రోడ్డు మీదికే తెరుచుకుంటాయి. పొద్దున ఆరింటికి వాకిట్లో సానుపు చల్లేవారు, అరుగు మీద పళ్లు తోముకునేవారు, నల్లా దగ్గర బిందె నింపుకునేవారు, బయట బండ మీద పిల్లలకు నీళ్లు పోసే తల్లులు. ఛాతీకి కట్టిన కెమెరా సరిగ్గా అరుగు మీద కూర్చున్న మనిషి ముఖం ఎత్తులో ఉంటుంది. మీరు తోరణం కోసం తీస్తారు, దానిలోకి పది ఇళ్ల లోపలి భాగాలు వచ్చేస్తాయి.

పెళ్లిలో కెమెరా తిరుగుతోందని అందరికీ తెలుసు. తెలుసు కాబట్టి చీర సర్దుకుంటారు, ఇష్టం లేనివారు స్తంభం వెనక్కి జరుగుతారు. అన్నం తినేటప్పుడు తీయొద్దు బాబూ అని పెద్దవాళ్లు మొహమాటం లేకుండా చెబుతారు, మేం కెమెరా దించుతాం. సైకిల్ మీద వచ్చిన కెమెరాకు ఆ మాట చెప్పే వ్యవధి ఎవరికీ ఉండదు. మీరు దాటిపోయాక గానీ వారికి తెలియదు, చాలామందికి ఎప్పటికీ తెలియదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటిస్తూ, బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన మనిషి ఆ హక్కును వదులుకున్నట్టు కాదని కూడా చెప్పింది. కోర్టు చెప్పకపోయినా మన ఊళ్లో ఇది తెలియని విషయమేమీ కాదు.

కోట వీడియో మానమని అనడం లేదు. కెమెరాను ఇళ్లు దాటాక వేయండి, తోరణాల దగ్గర దిగి తీసుకోండి. అలాగే చెరువు కట్టల మీద నడకకు వచ్చే ఆడవాళ్లను, బతుకమ్మ రోజుల్లో వేయి స్తంభాల గుడి దగ్గర ఆడుతున్నవారిని దగ్గరగా తీసి, వారి ముఖాన్నే వీడియోకు అట్టబొమ్మగా పెట్టడం మానేయండి. పిల్లల ముఖాలు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఎవరైనా తమ వీడియో తీసేయమని అడిగితే కారణం అడగకుండా తీసేయండి.

సైకిల్ తొక్కే చెల్లెళ్లకు ఒక హెచ్చరిక, నిజానికి ఇది అందరికీ. రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో వెళ్లే వీడియో పెడితే రేపు మీరు ఏ మలుపులో ఎప్పుడు ఉంటారో మీకు పరిచయం లేనివారికి కూడా తెలుస్తుంది. ఇంటి గేటు దగ్గర మొదలై ఇంటి గేటు దగ్గర ముగిసే వీడియో మీ చిరునామా చెబుతుంది, ఖరీదైన సైకిల్ ఎక్కడ ఉంటుందో కూడా చెబుతుంది. స్ట్రావా అనే యాప్ ప్రచురించిన పటంలో, వ్యాయామానికి పరుగెత్తిన సైనికుల దారుల వల్ల సైనిక స్థావరాల ఆకారాలు బయటపడ్డాయని 2018 జనవరిలో ప్రపంచమంతా చదివింది. సైనిక స్థావరమే దాగలేదు. వీడియోలో మొదటి కిలోమీటరు, చివరి కిలోమీటరు తీసేయండి. అప్పటికప్పుడు ప్రత్యక్ష ప్రసారం చేయకండి, మర్నాడు పెట్టండి.

చేత్తో ఫోను పట్టుకుని తొక్కేవారి గురించి ఎక్కువ చెప్పను, లెక్క చెబుతాను. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు అయిదున్నర మీటర్లు పోతాం. తెర వైపు రెండు సెకన్లు చూస్తే 11 మీటర్లు చూడకుండా పోయినట్టు. మన సైకిళ్లకు సాధారణంగా కుడిచేతి కింద ముందు బ్రేకు ఉంటుంది. ఫోను కుడిచేతిలో ఉంటే మిగిలింది వెనక బ్రేకు ఒక్కటే, దానితో సైకిల్ ఆగడానికి దూరం బాగా ఎక్కువ కావాలి. గుంపుగా వెళ్లేటప్పుడు ఒకరు రోడ్డుకు అవతలి పక్కకు పోయి, ఎదురొచ్చే వాహనాల వైపు వీపు పెట్టి మిగతావారిని తీయడం కూడా చూస్తున్నాను. దయచేసి ఆపండి. బిగించిన కెమెరా అయితే ఆగి ఉన్నప్పుడే వేసి, మళ్లీ ఆగేదాకా దాన్ని మరిచిపోవాలి.

ప్రమాదం కళ్లముందు జరిగితే కెమెరా తన పని తాను చేసుకుంటుంది, మీరు దిగి మనిషి దగ్గరికి వెళ్లండి. 108కు ఫోను చేయండి. రద్దీని ఆపడానికి సైకిల్‌ను కాస్త ముందుగా రోడ్డుకు అడ్డంగా నిలబెట్టండి. సాయం చేసినవారిని వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. మీరు ఇష్టపడకపోతే పేరు చెప్పమని కూడా ఒత్తిడి చేయకూడదు. కాబట్టి పోలీసు కేసు భయం పెట్టుకోవద్దు. తర్వాత ఆ వీడియోను దర్యాప్తు చేసే అధికారికి ఇవ్వండి, ఇంకెవరికీ వద్దు. రోడ్డు మీద పడి ఉన్న మనిషి వీడియో అతని ఇంట్లోవారికి వార్త కంటే ముందు చేరిన సందర్భాలు మన జిల్లాలో ఉన్నాయి. ఒక తల్లికి కొడుకు సంగతి ఆ విధంగా తెలియకూడదు.

ఇన్ని వద్దులు చెప్పాను కాని, మీ కెమెరాల మీద నాకు చాలా ఆశ ఉంది. కారులో వెళ్లేవాడికి కనిపించని రోడ్డు మనకు కనిపిస్తుంది. సిమెంటు రోడ్డు అంచు నుంచి మట్టిలోకి ఉన్న జానెడు దిగుడు, చక్రం దూరేంత సందున్న మోరీ జాలీ, తవ్వి పూడ్చాక కుంగిన గీత, మలుపులో పేరుకున్న కంకర. 2023 జూలై వానలకు హంటర్ రోడ్డు పక్క కాలనీలు మునిగినప్పుడు నీళ్లలో ఎక్కడ రోడ్డు ఉందో ఎక్కడ నాలా ఉందో తెలియక జనం పడిన పాట్లు గుర్తున్నాయి కదా. అదే దారిని వానకు ముందు ఒకసారి, వాన వెలిశాక ఒకసారి, ఒకే చోటు నుంచి ఒకే ఎత్తులో తీసిన వీడియో నగరపాలక సంస్థకు ఎంత పనికొస్తుందో ఆలోచించండి. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎక్కడ ఆగుతున్నాయో దానిలో కనిపిస్తుంది. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2020లో పెట్టిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో మన వరంగల్ కూడా పాల్గొంది. సైకిల్ దారుల గురించి ఈ ఊరు ఒకప్పుడు మాట ఇచ్చింది. ఆ మాట ఇప్పుడు ఏ రోడ్డు మీద ఏ స్థితిలో ఉందో చూపించగలిగింది మీరే.

మీ వీడియోల్లో నాకు ఎప్పుడూ కనిపించనివారు కొందరున్నారు. మిర్చి కాలంలో తెల్లారకముందే ఎనుమాముల మార్కెట్‌కు సైకిళ్ల మీద వెళ్లే హమాలీలు, క్యాన్లు వేలాడదీసుకుని పాలు పోసేవారు, పేపరు పిల్లలు, రాత్రి డ్యూటీ దిగి వచ్చే వాచ్‌మన్లు. వారికి హెల్మెట్ లేదు, వెనక ఎర్ర లైటు లేదు, కెమెరా సంగతి అడగనే అక్కర్లేదు. లారీ వారి పక్కనుంచి కూడా అంతే దగ్గరగా పోతుంది. వారి దగ్గర వీడియో ఉండదు కాబట్టి వారి ఫిర్యాదు ఉండదు. సైకిల్ తొక్కడం మనకు ఇష్టం, వారికి అవసరం. రోడ్డు అంచు గురించి మీరు ఇచ్చే ప్రతి వీడియో వారి తరఫున కూడా ఇస్తున్నదే. అందుకే దాన్ని లైకుల కోసం ఖర్చు పెట్టేయవద్దని ఇంత గట్టిగా అడుగుతున్నాను.

ఒక పని ప్రతిపాదిస్తాను. వానలు పడకముందే కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ వరకు ప్రధాన రోడ్డును రెండు వైపులా మనం కలిసి తీద్దాం. ఒక్కొక్కరు ఒక్కొక్క చౌరస్తా నుంచి తర్వాతి చౌరస్తా వరకు తీసుకోవాలి. కుదుపు తగ్గించే ఏర్పాటు తీసేసి, లీనియర్‌లో, కెమెరాను రోడ్డు వైపు కాస్త కిందికి వంచి తీస్తే మనుషుల ముఖాలు చాలావరకు వాటంతటవే తెరలో పడవు. పడినవాటిని మసక చేయడం, అసలు ఫైలును విడిగా దాచడం, హ్యాష్ తీసి రాసుకోవడం నేను నేర్పుతాను. ముహూర్తాలు లేని రోజుల్లో సాయంత్రాలు మా స్టూడియో ఖాళీగానే ఉంటుంది, పైసా తీసుకోను. తీసినదంతా చోట్ల వారీగా సర్ది, ఒక సోమవారం ప్రజావాణిలో అందరం కలిసి ఇద్దాం, ఒక ప్రతి నగరపాలక సంస్థకూ ఇద్దాం. నెల తర్వాత అవే చోట్లు మళ్లీ తీద్దాం. ఆ రెండూ పక్కపక్కన పెట్టి అప్పుడు అందరికీ చూపిద్దాం, మీరు ఎక్కడ పెట్టమంటే అక్కడ.

వచ్చేటప్పుడు ఫోనులో కాపీ కాకుండా అసలు కార్డు తెచ్చుకోండి. బయలుదేరే ముందు కెమెరాలో తేదీ, సమయం ఒకసారి సరిచూసుకోండి.

ఇట్లు,
మీ తోటి సైకిల్ ప్రయాణికుడు,
హనుమకొండ